అర గ్రాములో ఒక సెంటు

పన్ను పోయి ఏడాదో రెండేళ్లో అయ్యాక ఇంప్లాంటు పెట్టించుకుందామని వచ్చేవాళ్లకు, ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా, ఎక్స్‌రే చూసి డాక్టర్లు చెప్పే మాట ఒకటుంది: "ఎముక చాలదు." వినేవాళ్లకు అది ఒక పట్టాన మింగుడుపడదు. "పీకింది పన్నునే కదా సారూ, ఎముకను ఎవరు ముట్టుకున్నారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దవడలో పన్ను చుట్టూ ఉండే ఎముక పన్ను కోసమే పెరుగుతుంది, పన్నుతోనే బతుకుతుంది. నమిలినప్పుడల్లా తగిలే ఒత్తిడి ఆగిపోయాక ఇక దాన్ని పోషించడం దండగని ఒళ్లు తీర్మానించుకుంటుంది. డెన్మార్క్‌కు చెందిన ష్రోప్ బృందం 2003లో ప్రచురించిన కొలతల్లో, పన్ను తీసిన చోట దవడ గట్టు వెడల్పు ఏడాదిలో సుమారు సగానికి తగ్గింది. ఆ తరుగులో మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలల్లోనే జరిగిపోయింది.

ఆ తరుగును ఆపడానికో, అప్పటికే తరిగినదాన్ని మళ్లీ పూడ్చడానికో వాడే తెల్లటి పలుకులనే దంతవైద్యులు బోన్ గ్రాఫ్ట్ అంటారు. చిన్న గాజు సీసాలో అర గ్రామో గ్రామో ఉంటుంది. ధర విని నొసలు ముడిచేవాళ్లే గాని, సీసా ఎత్తి వెలుగులో చూసేవాళ్లు తక్కువ. చూడవలసిన వస్తువది. మనిషి చేతి పనిలో ఇంత సూక్ష్మమైన పనితనం కనిపించే వస్తువులు ఎక్కువగా లేవు.

సీసా మూత తీసి స్టీలు గిన్నెలోకి వంపితే పలుకులు పొడిపొడిగా రాలతాయి. ఒక్కొక్కటి పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా. అంచులు గరుకు, రంగు పాలిపోయిన తెలుపు. ఆ కుప్పకు ఒక పక్క పేషెంటు రక్తపు చుక్క తాకిస్తే అది అక్కడే ఆగదు. తానంతట తాను కుప్పలోకి పాకుతుంది. పలుకు నుంచి పలుకుకే కాదు, పలుకు లోపలికి కూడా ఇంకి, తెల్లటిది చూస్తుండగానే లోపలి నుంచి ఎర్రబారుతుంది. పొడిగా రాలినవి తడిసి ముద్దకట్టి చెంచాకు అంటుకుంటాయి. రక్తం పైపైన తడిపి జారిపోయిందంటే ఆ పలుకులో రంధ్రాలు లేవనో, ఉన్నా ఒకదానితో ఒకటి కలవలేదనో లెక్క.

ఈ సరుకులో అసలు విలువ ఖాళీది. మంచి గ్రాఫ్టు పలుకులో ఘనపరిమాణంలో 70 శాతం దాకా శూన్యమే ఉంటుంది. తయారుచేసేవాడి నేర్పంతా ఆ శూన్యాన్ని ఎంత కొలతతో, ఎటు దారి పెట్టి నిలబెట్టాడన్న దానిలో ఉంది. రంధ్రం వెడల్పు కనీసం 100 మైక్రాన్లన్నా ఉంటేనే ఎముక అందులోకి ఎదుగుతుందని 1970లో హల్బర్ట్ బృందం చూపింది. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎముక కణాలు ఒంటరిగా వెళ్లవు, వాటికి వెంట రక్తనాళం కావాలి. నాళం దూరాలంటే 300 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటే ఇంకా మేలని తర్వాతి వాళ్ల అనుభవం. పెద్ద గదులు ఉన్నంత మాత్రాన చాలదు, గది నుంచి గదికి ద్వారం ఉండాలి. ద్వారం లేని రంధ్రంలోకి నాళమూ పోదు, కణమూ పోదు, ఆ ఖాళీ వృథా. వీటికి తోడు గోడల్లోనే పది మైక్రాన్లకన్నా చిన్న సందులు మరో వరుస ఉంటాయి. వాటిలోకి కణాలు పట్టవు. నీరూ రక్తంలోని ప్రొటీనులూ ఇంకి గోడకు అంటుకోవడానికి అవి. కణం వచ్చి కాలు మోపేది ఆ ప్రొటీను పూత మీదే.

ఎద్దు ఎముక నుంచి తీసే బయోఆస్ అనే స్విస్ సరుకు ఈ రంగంలో అందరూ పోల్చి చూసుకునే కొలమానం. దాని లోపలి ఉపరితలం గ్రాముకు సుమారు 80 చదరపు మీటర్లని ప్రచురిత కొలతల్లో ఒకటి చెబుతుంది. అంటే అర గ్రాము సీసాలో ఉన్న రంధ్రాల గోడలన్నీ విప్పి నేల మీద పరిచామనుకోండి, 40 చదరపు మీటర్లు. మన లెక్కలో ఒక సెంటు జాగా! ఆదోనిలో సెంటు ధర తెలిసినవాళ్లకు సీసా ధర అంత అన్యాయమనిపించకపోవచ్చు. అదే పదార్థాన్ని వెయ్యి డిగ్రీలు దాటించి కాల్చితే ఉపరితలం గ్రాముకు ఒకటి రెండు చదరపు మీటర్లకు పడిపోతుంది. రసాయన సూత్రం పెద్దగా మారదు, బరువూ దాదాపు అంతే ఉంటుంది, సెంటు జాగా మాత్రం మాయమవుతుంది.

ఆ తేడా ఎక్కడిదో తెలియాలంటే ఎముక దేనితో కట్టిందో చూడాలి. బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం, మిగతాది ముఖ్యంగా కొల్లాజెన్ అనే ప్రొటీను, కొంత నీరు. ఆ ఖనిజం పేరు అపటైట్. దాని శుద్ధ రూపమైన హైడ్రాక్సీఅపటైట్‌లో అణువు లెక్క పది కాల్షియం, ఆరు ఫాస్ఫేట్, రెండు హైడ్రాక్సిల్. కాల్షియానికి ఫాస్ఫరస్‌కు మధ్య నిష్పత్తి 1.67. ఒంట్లో ఉండేది ఇంత శుద్ధం కాదు. అందులో నాలుగు నుంచి ఎనిమిది శాతం కార్బొనేట్ దూరి ఉంటుంది, మెగ్నీషియం, సోడియం కూడా అక్కడక్కడా చోటు చేసుకుంటాయి. స్ఫటికాలు మరీ చిన్నవి, పొడవు మిల్లీమీటరులో ఇరవై వేలో వంతు, మందం దానికీ ఎన్నో రెట్లు తక్కువ. ఈ కల్తీ వల్లా ఈ చిన్నతనం వల్లా ఎముక ఖనిజం సులువుగా కరుగుతుంది, సులువుగా మళ్లీ కడుతుంది. బతికున్న ఎముకకు ఆ సౌలభ్యమే ప్రాణం. దీనికి తిరగబడ్డ కథ కూడా తెలుగు నేల మీదే బయటపడింది. 1937లో పొదిలి, దర్శి ప్రాంతపు ఊళ్లలో షార్ట్ బృందం వర్ణించిన ఫ్లోరోసిస్‌లో, ఇదే స్ఫటికంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట ఫ్లోరైడ్ వచ్చి కూర్చుంటుంది. స్ఫటికం మరింత గట్టిపడి కరగడం తగ్గిపోతుంది. గట్టిపడటం ఎప్పుడూ మంచిదేనా అంటే, వంగని ఆ వెన్నెముకలే జవాబు.

ఎముకలోంచి కొల్లాజెన్ పోయి ఖనిజం మాత్రం మిగలడమంటే ఏమిటో మన వైపు వాళ్లకు చెప్పడం తేలిక. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం సున్నపురాతి గుహల్లో 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వి తీసిన జంతువుల ఎముకల్లో జరిగింది అదే. (ఆ ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది గాని, మొన్న 2022 దాకా కర్నూలు జిల్లాదే.) వేల ఏళ్లలో ప్రొటీను కుళ్లి పోయింది. సున్నపురాతి నీరు ఆమ్లాన్ని విరిచేస్తూ ఉండటంతో ఖనిజపు గూడు నిలిచింది. గుహ వేల ఏళ్లు తీసుకున్న పనిని ఫ్యాక్టరీ కొన్ని రోజుల్లో చేయాలి. ఎద్దు ఎముకను క్షారాలతో, ద్రావకాలతో ఉడికించి కొవ్వునూ ప్రొటీన్లనూ లాగేయాలి, ఆ తర్వాత వేడి పెట్టాలి. ఎంత వేడన్నదే కీలకం. బయోఆస్ వాళ్లు సుమారు 300 డిగ్రీల దగ్గర ఆగిపోతారు. ఆ వేడికి స్ఫటికాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవు, ఎముకలో ఉన్న పరిమాణంలోనే మిగులుతాయి. కార్బొనేటూ చాలావరకు నిలుస్తుంది. మరికొందరు తయారీదారులు 1200 డిగ్రీలు దాటిస్తారు. సేంద్రియ పదార్థమేదీ మిగలదన్న నిశ్చింత దొరుకుతుంది, పలుకు గట్టిపడుతుంది, కానీ చిన్న స్ఫటికాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవై గోడలు నున్నబడతాయి. అలాంటి పలుకు దవడలో ఏళ్లతరబడి కదలకుండా కూర్చుంటుంది.

ఇక ఎముకనే ముట్టుకోకుండా రసాయనాల సీసాల్లోంచి కట్టేవాళ్ల పని చూడండి. కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే మనం తాంబూలంలో వాడే సున్నమే, నీళ్లలో కలిపిన ఆ సున్నంలోకి ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా వదులుతారు. తెల్లటి అవక్షేపం దిగుతుంది. వినడానికి ఇంటర్మీడియట్ ల్యాబులో చేసే ప్రయోగంలా ఉంటుంది. చేయి తిరిగినవాడి కన్ను మాత్రం పీహెచ్ మీటరు మీదే ఉంటుంది. క్షారగుణం తగ్గకుండా పట్టుకుంటే నిష్పత్తి 1.67 కు నిలుస్తుంది. కొంచెం జారనిచ్చాడా, కాల్షియం తక్కువైన అపటైట్ దిగుతుంది. దాన్ని 700 డిగ్రీలు దాటించి కాల్చితే రెండుగా విడిపోతుంది: కొంత హైడ్రాక్సీఅపటైట్, కొంత బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్. ఈ రెండోదాని నిష్పత్తి 1.5. మొదట్లో దోషమనుకున్న ఈ విడిపోవడాన్నే పనిముట్టుగా మలచుకోవడం 1980లలో జరిగింది. ఫిలిప్పీన్స్‌లో పుట్టి న్యూయార్క్‌లో పనిచేసిన రాకెల్ లెజెరోస్, ఫ్రాన్స్‌లో గీ డకుల్సీ ఇందులో ముందున్నవాళ్లు. ఎంత తక్కువ కాల్షియంతో దించితే ఎంత పాలు ఏదవుతుందో వాళ్లు లెక్కగట్టారు. ఈ రోజు మార్కెట్లో 60 పాళ్లు అపటైట్, 40 పాళ్లు ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అని దొరికే సరుకు ఆ లెక్క ఫలమే.

బట్టీలోనూ గండాలున్నాయి. బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ 1125 డిగ్రీలు దాటితే ఆల్ఫా రూపంలోకి మారుతుంది. ఆల్ఫా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపల పగుళ్లు పడతాయి, పైగా అది ఐదు రెట్లు ఎక్కువగా కరుగుతుంది. అందుకే గట్టిపడేంత వేడి, రూపం మారనంత వేడి అన్న ఇరుకు సందులో బట్టీని నడపాలి.

రంధ్రాలు పెట్టే తీరు ఇంకా ముచ్చటైనది. పొడిని బట్టీకి పంపేముందు అందులో కావలసిన సైజు నాఫ్తలీన్ రేణువులు కలిపి నొక్కుతారు. నాఫ్తలీనంటే బీరువాలో చీరల మధ్య వేసే కలరా ఉండలే. వెచ్చబెడితే అది ఆవిరై పోతుంది, అది కూర్చున్న చోటు ఖాళీగా మిగులుతుంది. రేణువులు ఒకదాన్నొకటి తాకుతూ ఉన్నచోటల్లా ఆ తాకిన బిందువే ద్వారమవుతుంది. మరో పద్ధతిలో పాలియురెథేన్ స్పాంజిని నీళ్లలో కలిపిన పొడిలో ముంచి కాల్చేస్తారు. స్పాంజి కాలిపోయి దాని ఆకారం సిరామిక్‌గా నిలుస్తుంది. మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ ఈ హైడ్రాక్సీఅపటైట్ సిరామిక్కుల మీద ఎన్నో ఏళ్లుగా పనిచేసి పరిశ్రమకు అందించింది. అందుకే ఇవాళ స్వదేశీ సీసా ఎమ్మిగనూరు క్లినిక్కు దాకా వస్తోంది.

ఇంత కష్టపడి కట్టినదాన్ని ఎంత చక్కగా కూల్చుకోనిస్తారన్నది అన్నిటికన్నా పెద్ద పరీక్ష. 25 డిగ్రీల నీటిలో లీటరుకు హైడ్రాక్సీఅపటైట్ సుమారు 0.3 మిల్లీగ్రాములు కరుగుతుంది, బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ 0.5, ఆల్ఫా 2.5. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గట్టిపడితే అయ్యే జిప్సం అయితే రెండు గ్రాముల పైమాటే. జర్మనీలో డ్రీస్మన్ 1892లోనే ఎముక గుంటల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపి చూశాడు. ఒళ్లు దాన్ని తిప్పికొట్టలేదు గాని, కొన్ని వారాల్లోనే కరిగిపోతుంది. కొత్త ఎముక వచ్చేసరికి ఆసరా ఉండదు. హైడ్రాక్సీఅపటైట్ దీనికి పూర్తిగా తిరుగుడు: ఎముక వచ్చి చుట్టుకున్నా అది జరగదు. ఎమ్మిగనూరు వాళ్లకు ఒక మాటలో చెప్పవచ్చు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది, పడుగంటే ఏమిటో అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇక్కడ పడుగు వైద్యుడు పరుస్తాడు, పేక ఒళ్లు నేస్తుంది. నేత సాగినకొద్దీ పడుగు వెనకనుంచి కరుగుతూ పోవాలి. ముందే కరిగితే నేత కూలుతుంది, ఎప్పటికీ కరగకపోతే ఆ బట్ట సగం పరాయిదే. అరవై నలభై సరుకులో నలభై పాళ్లు ముందు కరిగి దారి ఇస్తుంది, అరవై నిలబడి ఆకారాన్ని కాస్తుంది. నా మటుకు నాకు ఈ రంగంలో అత్యంత తెలివైన పని ఇదే. ఎద్దు ఎముక సరుకులో పనితనం ప్రకృతిది, దాన్ని చెడగొట్టకపోవడం ఫ్యాక్టరీ ఘనత. ఇందులో కరిగే వేగాన్ని మనిషే ఎంచుకున్నాడు.

కరగడమంటే ఒట్టి నీళ్లలో కరగడం కాదని కూడా అనుకోవాలి. ఎముకను తినే ఆస్టియోక్లాస్ట్ కణం పలుకు గోడకు అతుక్కుని, అంచులు మూసి, లోపల ఆమ్లం వదులుతుంది. ఆ చిన్న మూత కింద పీహెచ్ 4.5 దాకా దిగుతుంది. రక్తం పీహెచ్ 7.4 దగ్గర రాయిలా కూర్చున్న అపటైట్ అక్కడ కరుగుతుంది. అయితే కణం అతుక్కోవాలంటే గోడ అందుకు తగినట్టు ఉండాలి. మళ్లీ ఆ సెంటు జాగా లెక్కకే వస్తాం.

బయోగ్లాస్ అనే గాజు దారి వేరు. అమెరికాలో లారీ హెంచ్ అనే గాజు శాస్త్రవేత్త 1967లో ఒక సైనిక సమావేశానికి బస్సులో పోతుంటే, వియత్నాం నుంచి అప్పుడే వచ్చిన ఒక కర్నల్ పక్కన కూర్చున్నాడట. ఒళ్లు తిరస్కరించని పదార్థమేదన్నా మీరు చేయగలరా అని ఆ కర్నల్ అడిగాడని హెంచే చెప్పుకున్నాడు. 1969లో ఆయన చేసిన గాజులో బరువు లెక్కన 45 పాళ్లు సిలికా, 24.5 సోడియం ఆక్సైడ్, 24.5 కాల్షియం ఆక్సైడ్, 6 ఫాస్ఫరస్ పెంటాక్సైడ్. ఎలుక ఎముకలో పెడితే మళ్లీ ఊడదీయడానికి రాలేదు. కిటికీ గాజు నీటిని తట్టుకోవడానికి చేస్తారు, ఇది తట్టుకోకుండా ఉండటానికి చేసింది. సిలికా తక్కువ కావడంతో ఒంటి ద్రవం తగలగానే సోడియం బయటికి పోతుంది, గాజు మీద సిలికా జెల్ పొర మిగులుతుంది, దాని మీద కాల్షియం, ఫాస్ఫేట్ చేరి కాసేపటికి కార్బొనేట్ అపటైట్‌గా స్ఫటికమవుతాయి. అంటే ఈ గాజు ఎముక ఖనిజపు పొరను తన మీద తానే కట్టుకుంటుంది, ఒంటి కొల్లాజెన్ వచ్చి దానికి పట్టుకుంటుంది.

మనిషి ఎముక నుంచి తీసే సరుకు గురించి టూకీగా. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి టిష్యూ బ్యాంకు 1988 నుంచి దాతల కణజాలాన్ని శుద్ధి చేసి గామా కిరణాలతో క్రిమిరహితం చేసి ఇస్తోంది. దేశంలోని చిగుళ్ల వైద్యులకు అది పాత పరిచయమే. అందులో ఒక రకాన్ని ఆమ్లంలో ఉంచి ఖనిజాన్నే తీసేస్తారు. మిగిలిన కొల్లాజెన్‌లో దాగున్న ప్రొటీన్లు ఎముక లేని చోట కూడా ఎముకను పుట్టించగలవని 1965లో మార్షల్ యూరిస్ట్ చూపాడు. సిరామిక్కులకు మామూలుగా ఆ శక్తి ఉండదు. అవి దారి మాత్రమే చూపుతాయి.

ఇంతదాకా రసాయనం. ఆదోని క్లినిక్కులో మాత్రం పీహెచ్ గురించి ఎవరూ అడగరు. "ఇది దేన్నుంచి తీసింది డాక్టరుగారూ?" అన్నదే ప్రశ్న. పత్తి వ్యాపారానికి వచ్చి స్థిరపడ్డ మార్వాడీ కుటుంబాలు, పెద్ద సంఖ్యలో ముస్లిములు, మంత్రాలయం మఠానికి తరచూ వెళ్లే భక్తులు, అందరూ ఒకే వరండాలో కూర్చునే ఊరది. ఎద్దు ఎముక ఒకరికి కుదరదు. పలుకుల మీద కప్పే కొల్లాజెన్ పొర పంది నుంచి తీసినదైతే ఇంకొకరికి కుదరదు. మరొకరికి ఏ ప్రాణి నుంచి తీసినదీ వద్దు. ఖనిజం మాత్రమే మిగిలింది, ప్రొటీను లేదు అన్న వివరణ రసాయన శాస్త్రం ప్రకారం సరైనదే గాని, అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. సున్నం నుంచి కట్టిన సిరామిక్కులూ బయోగ్లాసూ ఉన్నాయి, పొరల్లో చేప కొల్లాజెన్‌తో చేసినవీ దొరుకుతాయి. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ముందే చెప్పి, పేషెంటు ఊ అన్నాకే సీసా తెరిచే వైద్యులు మంచి పని చేస్తున్నారు. చెప్పకుండా వాడటం, పని ఎంత బాగా కుదిరినా, తప్పే.

చేతి పనిలో ఒక సంగతి. పలుకుల్ని గుంటలో పోసి కండెన్సర్‌తో నొక్కేటప్పుడు కొత్తవాళ్లు బలం పెడతారు, గట్టిగా దట్టిస్తే గట్టిగా నిలుస్తుందని. దట్టించినకొద్దీ పలుకుల మధ్య ఖాళీలు మూసుకుపోతాయి, పలుకులే నలిగి పొడి అవుతాయి. రంధ్రాలున్న సిరామిక్ పెళుసు. అనుభవమున్న చేయి పలుకుల్ని సర్ది, ఒకదాన్నొకటి ఆనుకుంటే చాలని ఆపేస్తుంది. కొందరు పేషెంటు రక్తాన్నే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వచ్చిన ఫైబ్రిన్ జెల్‌తో పలుకుల్ని ముద్ద చేస్తారు, చెదరకుండా ఉంటుంది. పైన పొర కప్పి కుట్లు వేస్తారు. చిగురు కణాలు ఎముక కణాలకన్నా చాలా వేగంగా పాకుతాయి. పొర లేకపోతే గుంటను ముందు అవే ఆక్రమిస్తాయి.

నాలుగైదు నెలల తర్వాత తీసే ఎక్స్‌రేలో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. ఎముక వచ్చేసిందని పేషెంటు సంబరపడతాడు. అపటైట్ పలుకులు పెట్టిన రోజు కూడా అంతే తెల్లగా ఉంటాయి, ఆ తెలుపును నమ్మడానికి లేదు. పలుకుల అంచులు విడివిడిగా కనబడటం మానేసి, వాటి మధ్య ఎముక గీతలు అల్లుకున్నాయా అని చూడాలి. అసలు తీర్పు ఇంప్లాంటు కోసం డ్రిల్లు పెట్టినప్పుడు చేతికి తెలుస్తుంది. కొత్త ఎముక డ్రిల్లును పట్టి ఆపుతుంది, రక్తం కారుస్తుంది. కూడుకోని పలుకులు రాలి బయటికి వస్తాయి. పొగ, గుట్కా మానని నోట్లో, అదుపులో లేని షుగరున్న ఒంట్లో ఈ రెండోది జరిగే అవకాశం ఎక్కువ. అప్పుడు తప్పు పలుకుది కాదు.

ఇక సీసాతో పాటు అట్టపెట్టెలో ఒకటి రెండు చిన్న స్టిక్కర్లు వస్తాయి. వాటి మీద పదార్థం పేరు, పలుకు సైజు, లాట్ నంబరు, క్రిమిరహితం చేసిన పద్ధతి, గడువు తేదీ ఉంటాయి. ఒక స్టిక్కరు కేస్‌షీటు మీద అతికిస్తారు. రెండోది అడిగి తీసుకుని ఎక్స్‌రే కవరు వెనక అంటించుకోండి. ఐదేళ్ల తర్వాత కర్నూలులోనో బెంగళూరులోనో ఇంకో వైద్యుడు ఆ తెల్లటి మచ్చను చూసి ఇదేమిటని అడిగితే, చూపించడానికి అదొక్కటే ఉంటుంది.